లంగరులో మట్టి

ఇసుక రేణువుకి కూడా పుట్టిల్లు ఉంటుంది. ఈ మాట అన్నందుకు చంద్రకళని సముద్రపు మట్టిని పరీక్షించే ల్యాబులో ఉద్యోగానికి చేరిన కొత్తలో అందరూ ఆటపట్టించారు. నది సముద్రంలో కలిసే ఏ మొగకి వెళ్లినా రెండు గుప్పెళ్ల ఇసుక సీసాలో పోసుకుని తెచ్చుకునే మనిషిని ఆటపట్టించక ఏం చేస్తారు? గోదావరి తెచ్చే మట్టిలో దక్కను నల్లరాతి పొడి ఉంటుందనీ, నాగావళి తెచ్చే ఇసుకలో తూర్పు కనుమల ఎర్ర గార్నెట్ మెరుస్తుందనీ, గంగ తెచ్చే ఒండ్రులో హిమాలయాల అభ్రకం రేకులు దండిగా ఉంటాయనీ ఎదురుపడ్డ ప్రతివాళ్లకీ చెప్పేది. సముద్రంలో పడ్డాక అన్నీ కలిసిపోతాయి కదా అంటే, "కలిసిపోవు, పక్కపక్కన ఉంటాయంతే" అనేది.

భుజంగరావు వచ్చాక ఆ వెక్కిరింతలు ఆగాయి. అతను కట్టిన యంత్రం బీరువా అంత ఉంటుంది. సముద్రం అడుగునుంచి తీసిన మట్టి చిటికెడు వేస్తే చాలు. ఒక్కో రేణువునీ కాంతితో తడిమి, అందులో ఏ ఖనిజం ఎంత ఉందో చూసి, చంద్రకళ సీసాలతో పోల్చి, ఇది ఫలానా కొండవాలు మీద పుట్టి ఫలానా నదిలో పడి వచ్చిందని చెబుతుంది. దానికి ఇంకో విద్య కూడా వచ్చు. ఎండలో ఉన్న రేణువు చీకట్లోకి వెళ్లిన దగ్గర్నుంచి తనలో కాస్త కాస్త శక్తిని పోగుచేసుకుంటుంది. దాన్ని కొలిచి, ఆ రేణువు చివరిసారి సూర్యుణ్ణి ఏ నెలలో చూసిందో యంత్రం చెప్పేస్తుంది. ల్యాబువాళ్లు దానికి గోత్రాల పెట్టె అని పేరు పెట్టారు. భుజంగరావుకి ఆ పేరు నచ్చలేదు కానీ, అదే నిలిచిపోయింది.

రేవుల్లో పూడిక ఎక్కడినుంచి వస్తోందో తేల్చడానికి తయారుచేసిన యంత్రం అది. మనుషుల సంగతి దాన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. దాని గురించి పేపర్లో రాశాక తోచింది.

విశాఖపట్నంలో వాళ్ల ల్యాబు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఇద్దరు మనుషులు దిగి, గోనెసంచిలో చుట్టిన లంగరు ఒకటి దింపారు. లంగరు తుప్పుపట్టి, ఒక పక్కకి ఒంగిపోయి ఉంది. దాన్ని మోసుకొచ్చినవాడు దానయ్య. వెనకాల వచ్చినావిడ అతని వదిన అసిరమ్మ. నాగావళి సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఉన్న మొగపాలెం వాళ్లది.

"ఇది మా అన్న బోటు లంగరండీ. నానే వెల్డింగు పెట్టినాను. ఇదిగో సూడండి, 'గు' అని అచ్చరం. నా సేతి పనే" అన్నాడు దానయ్య.

అతని అన్న గురువులు రెండేళ్ల కిందట కార్తీకంలో కొత్త బోటు వేసుకుని, మరో ఐదుగురితో వేటకి వెళ్లాడు. రెండో రోజుకి వాయుగుండం పట్టింది. బోటూ రాలేదు, మనుషులూ రాలేదు, చెక్కముక్కైనా ఒడ్డుకి కొట్టుకురాలేదు. ఆ మధ్య పక్కపేట వాళ్లు ఇలాగే గాలికి కొట్టుకుపోయి, సరిహద్దు దాటి బంగ్లాదేశ్ జైల్లో పడి, ఏడాదిన్నర తర్వాత గడ్డాలు పెంచుకుని తిరిగొచ్చారు. అసిరమ్మ ఆశంతా ఆ గడ్డాల మీదే ఉంది.

"లంగరు ఎక్కడ దొరికింది?" అంది చంద్రకళ.

"ట్రాలరోళ్ల వలలో పడిందంట. ఎక్కడరా అంటే, పైన పారాదీపు దాటినాక అంతన్నారు. ఆళ్ల మాట నమ్మీసేటట్టు ఉండదు" అన్నాడు దానయ్య.

ఆ అనుమానం నిజమే. ట్రాలర్లు ఒడ్డుకి దగ్గర్లో వల లాగకూడదు. లాగినవాళ్లు లాగామని చెప్పరు. పైగా లంగరుని డెక్కు మీద పెట్టి పైపుతో నీళ్లు కొట్టి శుభ్రంగా కడిగేశారు. లంగరు పైన అడ్డంగా ఉండే గొట్టం లోపల మాత్రం ఇంత మట్టి గట్టిగా కూరుకుని మిగిలింది.

"ఒక్కటే సెప్పండి అమ్మగోరూ" అంది అసిరమ్మ. "ఇది మన నీటిలో పడిందా, ఆ దేశం నీటిలో పడిందా? అక్కడ పడితే మా ఇంటాయన జైల్లో ఉన్నట్టే. ఇక్కడ పడితే..."

మిగతాది అనలేక చేతిగాజులు సర్దుకుంది. పేటలో పెద్దలు అప్పటికే రెండుసార్లు కూర్చోబెట్టి చెప్పారట. గడ్డిబొమ్మకి గురువులు చొక్కా తొడిగి ఒడ్డున దహనం చేసేద్దాం, ఎంతకాలమని ఇలా ఉంచుతావు, ఇంటికి మంచిది కాదు అని. చొక్కా ఇవ్వనని ఆవిడ ట్రంకుపెట్టెకి తాళం వేసి, ఆ తాళంచెవి మొలకి కట్టుకుంది.

భుజంగరావు ఉత్సాహం ఆగడం లేదు. అతని యంత్రం ఇంతవరకూ పూడిక మట్టినే చూసింది. ఇప్పుడు ఒక మనిషి ఆచూకీ చెప్పబోతోంది. "రేణువు అబద్ధం చెప్పదమ్మా. మనుషులే చెబుతారు" అన్నాడు అసిరమ్మతో. ఆవిడ అతనికి దండం పెట్టింది. చంద్రకళకి అది నచ్చలేదు.

గొట్టంలో మట్టిని సన్నని గరిటతో గీకి తీశారు. దాంతోపాటు నల్లటి ముద్ద ముక్కలు కొన్ని వచ్చాయి. తారు అనుకుని పక్కన పడేశారు. ఏ మట్టినైనా పెట్టెలో వేసే ముందు దాంట్లో ఉన్న నాచూ నత్తా పురుగూ పుట్రా అంతా రసాయనంలో నానబెట్టి కరిగించేస్తారు. ఆ ల్యాబులో అది పళ్లు తోముకోవడం లాంటి పని, ఎవరూ ఆలోచించి చెయ్యరు. ఈ మట్టి నానబెడితే పసుప్పచ్చని నురగ పొంగింది. "నాచు బాగా పట్టినట్టుంది" అని వంపేశారు. అడుగున ఖనిజం మాత్రం మిగిలింది. యంత్రానికి కావలసింది అంతే.

ఫలితం వచ్చినప్పుడు భుజంగరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"గంగ మట్టి మేడమ్! అభ్రకం చూడండి ఎంతుందో. మన నదుల రేణువు ఒక్కటి లేదు. చివరిసారి ఎండ చూసింది రెండేళ్ల కిందటి కార్తీకం. నెలతో సహా సరిపోయింది!"

చంద్రకళ తెర మీద అంకెల్ని మళ్లీ మళ్లీ చూసింది. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. "మరీ ఇంత శుద్ధంగా ఉందేంటి? సముద్రం అడుగున మట్టి అన్నాక అదో పిసరు ఇదో పిసరు కలవాలిగా" అని మాత్రం అంది.

"గంగ మొగ దగ్గరే, బంగ్లాదేశ్ వైపు పడి ఉంటే ఇంకెవరి మట్టి కలుస్తుంది?" అన్నాడు అతను. ఆ మాటా సబబుగానే ఉంది. ట్రాలరువాళ్లు చెప్పిందీ దీనికి సరిపోయింది. రెండు సాక్ష్యాలు ఒకే మాట చెబితే ఎవరు మాత్రం కాదంటారు?

అసిరమ్మని కూర్చోబెట్టి చంద్రకళ జాగ్రత్తగా చెప్పింది. లంగరు ఆ పక్క నీళ్లలో పడిందని మాత్రమే తెలిసింది, మనుషుల గురించి ఏమీ తెలియలేదు అని. అసిరమ్మ మొదటి సగమే విన్నది. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చి, తర్వాత లేచి ల్యాబులో ఉన్నవాళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టి వెళ్లింది.

మొగపాలెంలో ఆ వారమంతా పండగలా గడిచింది. పెద్దలు దహనం మాట మానేశారు. అసిరమ్మ ఇంటికి సున్నం వేయించింది. ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ పాట కూడా పాడిందని చూసినవాళ్లు చెప్పుకున్నారు. రాయవలసిన అర్జీలు రాయించారు. పట్నంలో ఆఫీసుల చుట్టూ తిప్పినవాళ్లు తిప్పారు, వివరాలు తెలిస్తే కబురు పెడతామన్నారు. కబురు రాలేదు.

"ఇలగ కూకుంటే అవ్వదు. నానే ఎల్తాను" అన్నాడు దానయ్య.

దానయ్య భార్య రాములమ్మ చేతిలో ఉన్న అన్నం గిన్నె నేలకేసి కొట్టింది. "నువ్వెల్తే ఎవుడు జైలు తలుపులు తీసీస్తాడు? పట్టుకుంటే నిన్నూ లోనెట్టీస్తారు. అప్పుడు నానెవులి కాళ్లు పట్టుకోవాల?"

"ఆ పక్క బోటోళ్లని అడిగొస్తాను. నీటిలో అందరం ఒక్కటేనే."

రాములమ్మ తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వైనా సెప్పు అక్కా."

అసిరమ్మ వద్దని చెప్పాలి. న్యాయంగా ఐతే చెప్పాలి. కానీ రెండేళ్లుగా ఆవిడ ఎదురుచూసిన మాట మొదటిసారి ఒక యంత్రం నోటినుంచి వచ్చింది. "అన్నదమ్ములు గదే. ఆడు ఎల్లకపోతే ఇంకెవులెల్తారు?" అంది. రాములమ్మ ఆ తర్వాత వదినామరుదులిద్దరితోనూ మాట్లాడలేదు.

దానయ్య మరో ముగ్గుర్ని కూడగట్టుకుని అద్దె బోటు మీద వెళ్లాడు. బోటు ఎక్కడుందో తీరానికి చెప్పే పరికరాన్ని సరిహద్దు దగ్గర ఆపేస్తానని ముందే చెప్పాడు. కనబడితే వెనక్కి తిప్పేస్తారని అతని భయం.

అతను వెళ్లిన కొద్దిరోజులకి అసిరమ్మ ల్యాబుకి వచ్చింది. చేతిలో ఐసు పెట్టిన పెద్ద వంజరం చేప ఉంది. వద్దంటే వినలేదు. చంద్రకళ కాఫీ కలిపి ఇచ్చింది. అసిరమ్మ గ్లాసు పట్టుకుని గోడవారనున్న సీసాలన్నీ వింతగా చూస్తూ నడిచి, ఒకదాని దగ్గర ఆగిపోయింది. బూడిదరంగు మట్టి, లోపల సన్నగా తళుకులు.

"ఇది కాశీ మట్టి గదా అమ్మగోరూ?"

"గంగ మట్టే. నీకెలా తెలిసింది?"

"మా ఇంట్లో ఉంది. మా అత్త కాశీ ఎల్లినప్పుడు గంగలో మునిగి మూట కట్టుకొచ్చింది. ఆ తల్లీ ఈ తల్లీ ఒకటే గదా, గంగమ్మే. కొత్త లంగరు నీటిలో దించే ముందు పసుపు కలిపి ముద్ద సేసి, లంగరు గొట్టంలో ఎట్టి, గుగ్గిలం కాసి మూత ఏస్తాం. మా అత్త ఎట్టేది, అదయ్యాక నాను ఎట్తన్నాను. మా ఇంటాయన లంగరుకీ ఎట్టినాను, మొన్న దానయ్యకీ ఎట్టినాను. ఆ తల్లి సల్లగా సూడబట్టే గదా ఇంత దూరం తెలిసింది!"

చంద్రకళ తన కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. పసుప్పచ్చని నురగ. తారు అనుకున్న గుగ్గిలం. ఒక్క పిసరు కూడా కల్తీలేని గంగ మట్టి. నిజం చెప్పేదంతా మొదటే కడిగి వంపేశారు, మిగిలినదాన్ని పెట్టెలో వేసి చదివారు. ఆ మట్టి చివరిసారి ఎండ చూసిన రోజు అసిరమ్మ ఇంటి గుమ్మంలో, అసిరమ్మ చేతుల్లో ఉంది.

అసిరమ్మకి అప్పుడు చెప్పలేకపోయింది. బస్సుకి టైమయిందని పంపేసింది. ఎందుకంటే ఇంకో ప్రశ్న మిగిలే ఉంది: లంగరు మరి నిజంగా ఎక్కడ పడింది?

చంద్రకళ చెప్పింది విని భుజంగరావు, ల్యాబులోనే ఉండిపోయిన లంగరుని మళ్లీ బల్ల మీదకి ఎత్తాడు. మొహం నల్లబడిపోయింది. లంగరు కొక్కెం దగ్గర తుప్పు పొరలు పొరలుగా కట్టింది. నీళ్లు ఎంత కొట్టినా తుప్పు లోపల చిక్కుకున్న రేణువులు పోవు. ఈసారి ఏదీ నానబెట్టకుండా, ఏదీ వంపెయ్యకుండా, చిన్న ఉలితో ఒక్కో పొరా లేపి తీశారు. లోపలి పొరలోని రేణువుల్ని ఒక్కొక్కటిగా పెట్టెలో వేశారు.

ఎర్ర గార్నెట్. తూర్పు కనుమల రాయి. నాగావళి ఇసుక ఎక్కువ, పక్క నది వంశధార ఇసుక కొంచెం. ఆ రెండూ ఆ పాళ్లలో కలిసే చోటు సముద్రం అడుగున ఒక్కటే ఉంది. మొగపాలెం ఎదురుగా, ఒడ్డున నిలబడితే దీపం కనిపించేంత దూరంలో. తుప్పు లోపలి పొర వయసూ అదే కార్తీకం. బోటు ఎక్కడికీ పోలేదు. గాలి పట్టగానే ఇంటికి తిరిగివచ్చి, ఇల్లు కనబడుతుండగా లంగరు దింపి, అక్కడే మునిగింది.

"పూడిక మట్టితోనే ఉండిపోవాల్సింది" అన్నాడు భుజంగరావు.

"ముందు దానయ్యని వెనక్కి పిలవాలి" అంది చంద్రకళ.

ఫోను చేశారు, అందలేదు. తీర రక్షక దళానికి చెప్పారు. వాళ్లు వెతికారు. ఆ బోటు పరికరం రెండు రోజుల కిందటే ఆగిపోయిందన్నారు. పారాదీపులో ఉన్న బోటువాళ్ల రేడియోల్లో పిలిపించారు. ఎవరూ పలకలేదు. దానయ్య అనుకున్నంత పనీ చేశాడు.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ మొగపాలెం వెళ్లారు. దారిపొడుగునా భుజంగరావు ఎలా చెప్పాలో పైకి అనుకుంటూ వచ్చాడు. చంద్రకళ అతన్ని ఊరుకోమనలేదు. తను లోపల అదే చేస్తోంది.

అసిరమ్మ ఇసుకలో పరిచిన చేపల్ని తిరగేస్తోంది. వాళ్లని చూసి సంబరంగా లేచి, కుర్చీలు తెప్పించబోయింది. చంద్రకళ ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే, చేపల పక్కనే కూలబడింది. అంతా చెప్పింది. గొట్టంలో మట్టి సంగతి, తుప్పులో మట్టి సంగతి.

అసిరమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక, "ఎంత దూరం?" అంది.

చంద్రకళ సముద్రం వైపు చూపించింది. అక్కడ ఎవరిదో తెప్ప ఊగుతోంది.

"మా మరిది రోజూ వల ఏసే సోటది" అంది అసిరమ్మ. "ఆ సేపలే తిన్నాం."

ఆవిడ తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"ఆయన్ని ఆ తల్లి సూసుకుంతాదని ఎట్టినానమ్మా. ఇంకెందుకూ కాదు."

"నీ తప్పు కాదు అసిరమ్మా" అన్నాడు భుజంగరావు.

"నా తప్పని నానన్నానా బాబూ?" అని ఆవిడ అతని మొహంలోకి సూటిగా చూసింది. "రేణువు అబద్దం సెప్పదన్నారు గదా."

అతను తల దించుకున్నాడు. రేణువు అబద్ధం చెప్పలేదు. అడిగినదానికే జవాబు చెప్పింది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగవలసిన మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగా, మట్టిని అడిగారు. అంతమంది చదువుకున్నవాళ్లకి ఆ మనిషిని ఒక్క ముక్క అడుగుదామని తోచలేదు. చంద్రకళకి తన మీద తనకి అసహ్యం వేసింది.

"దానయ్యకి కబురెట్టినారా?" అంది అసిరమ్మ ఉన్నట్టుండి.

"పెట్టాం. అందలేదు."

అప్పుడు ఆవిడ మొహంలో భయం కనిపించింది. భర్త మాట విన్నప్పుడు కూడా లేని భయం. లేచి, రాములమ్మ ఇంటివైపు రెండడుగులు వేసింది.

అంతలో పేట అటువైపునుంచి కేకలు వినిపించాయి. ఎవరో ఈల వేశారు. పిల్లలు పరిగెడుతున్నారు. వాళ్లందరికీ ముందు రాములమ్మ పరిగెత్తుకొస్తోంది, జుట్టు ఊడిపోయింది, చేతిలో సెల్‌ఫోను. ఇన్నాళ్లూ మాట్లాడని మనిషి వచ్చి అసిరమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకుంది.

"అక్కా! దొరికినారే తల్లీ! పారాదీపు నుంచి ఫోనొచ్చింది! మన మొగపాలెం మనుసులు ఆ దేశం జైల్లో ఉన్నారంట! అక్కడి బోటోళ్లు సూసినారంట. పేర్లు తెలవలేదు గానీ మన పేట పేరు సెప్పినారంట! నువ్వన్నట్టే అయిందే అక్కా! మా ఆయనే ఎతికి పట్టుకున్నాడు సూడు, నాను వద్దంటే ఇన్నాడా? నీ కాళ్లు మొక్కుతాను, నీతో మాటాడనందుకు..."

వెనకాలే వచ్చినవాళ్లు అసిరమ్మ చుట్టూ మూగారు. ఒక ముసలావిడ నుదుట బొట్టు పెట్టబోయింది. ఎవరో టపాకాయల దండ ముట్టించారు. ఆ చప్పుడుకి ఎండుచేపల మీద వాలిన కాకులన్నీ లేచిపోయాయి. భుజంగరావు ఏదో చెప్పబోతే చంద్రకళ అతని చెయ్యి నొక్కిపట్టింది. చెప్పే హక్కు వాళ్లిద్దరికీ లేదు.

అసిరమ్మ ముసలావిడ చేతిని మెల్లగా పక్కకి తోసింది. టపాకాయలు ఆగేదాకా ఓపిక పట్టింది. తర్వాత తోడికోడలి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, పడిపోకుండా తన వైపు లాక్కుంది.

"మీ బావ ఎక్కడికీ ఎల్లనేదే రాములూ. ఇక్కడే, ఈ నీటిలోనే ఉన్నాడు" అంది. "జైల్లో ఉన్నది నీ మొగుడు."